పాఠాన్ని మింగేసిన పరీక్ష

పరీక్ష రోజు వచ్చిందంటే బడి భోజనంలో కేలరీలు పెరిగేవి. అమెరికాలోని వర్జీనియా రాష్ట్రంలో జరిగిన సంగతి ఇది. డేవిడ్ ఫిగ్లియో, జాషువా వినికి అనే ఇద్దరు ఆర్థికశాస్త్రవేత్తలు అక్కడి బడుల మధ్యాహ్న భోజన పట్టికలు సంపాదించి, ఏ రోజు ఏం వడ్డించారో లెక్కగట్టి 2005లో ప్రచురించారు. ఫలితాలు రాకపోతే చర్య తప్పదన్న భయంలో ఉన్న జిల్లాలు సరిగ్గా రాష్ట్ర పరీక్షలు జరిగే రోజుల్లోనే పిల్లల తిండిలో కేలరీలు పెంచాయని తేలింది.

అదే ఫిగ్లియో ఫ్లోరిడాలో ఇంకో విషయం బయటపెట్టాడు. ఇద్దరు పిల్లలు ఒకే గొడవలో దొరికితే, చదువులో వెనకబడ్డవాడిని ఎక్కువ రోజులు బడికి రావద్దనేవారు. పరీక్షలు దగ్గరపడే కొద్దీ ఆ తేడా ఇంకా పెరిగేది. రాష్ట్ర పరీక్ష లేని తరగతుల్లో మాత్రం ఆ పెరుగుదల లేదు. మార్కులు రానివాడు పరీక్ష రోజున బడిలో లేకపోతే బడి సగటు బాగుంటుంది కదా!

పిల్లలకు పెట్టే అన్నాన్నీ, వేసే శిక్షనూ కూడా పరీక్షే నిర్ణయించే దాకా వెళ్లిన బడిలో, పాఠాన్ని నిర్ణయించేది మాత్రం టీచరేనని ఎలా అనుకోగలం? ఇరవై ఏళ్లకు పైగా అమెరికా బడులు పడుతున్న పాట్లు మనకు పరాయివి కావు. డాలస్‌లోనో, న్యూజెర్సీలోనో చదువుతున్న మనవళ్ల ద్వారా కొన్ని తెలుగు ఇళ్లకు అవి ఇప్పటికే తెలుసు. అంతకంటే ముఖ్యమైన కారణం ఇంకొకటి ఉంది. మన ప్రభుత్వ బడులు కూడా మెల్లమెల్లగా అదే దారి పడుతున్నాయి.

మంచి మాటతోనే మొదలు

2002 జనవరి 8న ఒహాయో రాష్ట్రంలోని హామిల్టన్ పట్టణంలో, ఒక హైస్కూల్లో, అధ్యక్షుడు జార్జ్ డబ్ల్యూ బుష్ 'నో చైల్డ్ లెఫ్ట్ బిహైండ్' చట్టం మీద సంతకం చేశాడు. ఏ ఒక్క బిడ్డా వెనకబడకూడదన్నది దాని పేరులోనే ఉంది. ప్రతిపక్ష డెమొక్రాట్ల పెద్దదిక్కు ఎడ్వర్డ్ కెనడీ కూడా దాని వెనక నిలబడ్డాడు. మూడు నుంచి ఎనిమిదో తరగతి దాకా ప్రతి పిల్లాడికీ ఏటా చదవడంలో, గణితంలో రాష్ట్ర పరీక్ష పెట్టాలి. హైస్కూల్లో మరోసారి పెట్టాలి. 2014 కల్లా నూటికి నూరు మందీ నిర్ణీత స్థాయికి చేరాలి. ఏటికేడు లక్ష్యం అందుకోని బడికి ముందు 'మెరుగుపడాల్సిన బడి' అన్న ముద్ర పడుతుంది. ఆ తర్వాత పిల్లలు వేరే బడికి వెళ్లిపోయే వెసులుబాటు, ఆ పైన సిబ్బంది మార్పు, చివరికి బడిని మూసేయడమో వేరేవాళ్ల చేతికి ఇవ్వడమో జరగవచ్చు.

ఈ చట్టాన్ని పిచ్చి ఆలోచన అని కొట్టిపారేయలేం. అప్పటిదాకా బడి సగటు మార్కు చాటున నల్లజాతి పిల్లలు, స్పానిష్ మాట్లాడే ఇళ్ల పిల్లలు, వైకల్యం ఉన్న పిల్లలు కనబడకుండా పోయేవారు. ఈ చట్టం ఒక్కో వర్గం ఫలితాన్నీ విడివిడిగా చూపించమంది. నాలుగో తరగతి గణితంలో, ముఖ్యంగా పేద పిల్లల్లో, నిజంగానే మెరుగుదల వచ్చిందని థామస్ డీ, బ్రయన్ జేకబ్ 2011లో చూపించారు. చదవడంలో మాత్రం అలాంటి ఫలితం వాళ్లకు దొరకలేదు.

నూటికి నూరన్న లక్ష్యం ఎక్కడా నెరవేరలేదు. 2011 నాటికి దేశంలో దాదాపు సగం బడులు ఏటి లక్ష్యాన్ని అందుకోలేకపోయాయి. లక్ష్యం అందనిదని తెలిసినా శిక్ష మాత్రం మెడ మీదే ఉంది. బడి లోపల ఏమైందో చూడాలంటే అక్కడి నుంచే చూడాలి.

ఎరుపు, పసుపు, ఆకుపచ్చ

టెక్సస్‌లోని ఒక ప్రాథమిక పాఠశాలలో జెనిఫర్ బూహర్ జెనింగ్స్ అనే పరిశోధకురాలు కొన్నాళ్లు గడిపి, తాను చూసింది 2005లో రాసింది. అక్కడ టీచర్లు పిల్లలను మూడు గుంపులు చేశారు. ఎలాగూ గట్టెక్కేవాళ్లు ఆకుపచ్చ. కాస్త తోస్తే గట్టెక్కేవాళ్లు పసుపు. ఎంత చేసినా ఈ ఏడాది గట్టెక్కనివాళ్లు ఎరుపు. ఆ తర్వాత టీచరు సమయం, అదనపు తరగతులు, దగ్గర కూర్చోబెట్టుకుని చెప్పడం, అన్నీ పసుపు పిల్లలకే. అంచు మీద ఉన్న పిల్లాడు ఒక్క ప్రశ్న ఎక్కువ రాస్తే బడి లెక్క మారుతుంది. ఎరుపు పిల్లాడు సున్నా నుంచి ఇరవైకి ఎగబాకినా లెక్కలో తేడా ఏమీ రాదు. వెనకబడ్డ బిడ్డ కోసం తెచ్చిన చట్టం అందరికంటే వెనకబడ్డ బిడ్డనే వదిలేయడం నేర్పింది. కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడిందని మనం అనేది ఇలాంటప్పుడే.

మన హైస్కూళ్లలో పని చేసినవాళ్లకు ఈ రంగులు కొత్త కాదు. డిసెంబరు దాటితే పదో తరగతి పిల్లల జాబితాలు ఏ, బీ, సీ, డీలుగా విడిపోతాయి. 'పాస్ మార్కు పిల్లల'కు వేరే గది, వేరే ప్రశ్నలు ఉంటాయి. ఒక్కో టీచరు కొంతమందిని 'దత్తత' తీసుకోవాలి, తెల్లవారుజామున ఫోన్ చేసి నిద్ర లేపాలి. ఆ శ్రమలో ప్రేమ లేదని నేను అనను. చాలామంది టీచర్లు సొంత డబ్బుతో అల్పాహారం పెట్టి మరీ చదివిస్తున్నారు. కానీ సీ గ్రేడ్ పిల్లాడికి ఆ మూడు నెలలూ చెప్పేది పాఠం కాదు. 35 మార్కులు ఎక్కడెక్కడ ఏరుకోవచ్చో చెబుతారు. ఏ చాప్టరు వదిలేయవచ్చు, ఏ పటం గీస్తే ఎన్ని మార్కులు వస్తాయి, ఏ నాలుగు ప్రశ్నలు బట్టీ పట్టాలి అన్నదే సంగతి. ఆరో తరగతిలో ఆ పిల్లాడితో నిదానంగా కూర్చునే తీరిక టీచరుకు దొరికి ఉంటే ఈ అవసరం వచ్చేది కాదని అక్కడున్న అందరికీ తెలుసు.

చేజారిన పాఠం

అమెరికా చట్టం పెట్టమన్న ఏటేటి పరీక్షలో ఉన్నవి రెండే సబ్జెక్టులు. మిగతావి ఏమయ్యాయి? 2007లో సెంటర్ ఆన్ ఎడ్యుకేషన్ పాలసీ అమెరికా జిల్లాలను అడిగింది. 62 శాతం జిల్లాలు ప్రాథమిక బడుల్లో భాషకో, గణితానికో సమయం పెంచామన్నాయి. 44 శాతం జిల్లాలు సైన్సు, సాంఘికశాస్త్రం, కళలు, ఆటలు, చివరికి భోజన విరామం వంటి వాటిలో ఏదో ఒకదాని నుంచి ఆ సమయం కోసేశామని చెప్పాయి.

మిగిలిన భాషా పాఠం కూడా టీచరుది కాకుండా పోయింది. ఏ రోజున ఏ పేజీలో ఉండాలో జిల్లా నుంచి పట్టిక వచ్చేది. కొన్ని కార్యక్రమాల్లో టీచరు నోటితో చెప్పాల్సిన వాక్యం కూడా అచ్చు వేసి ఇచ్చేవారు. పిల్లలు ఏం జవాబు చెప్పాలో కూడా అందులోనే ఉండేది. పక్కింటి కుక్క ఈనిందని ఏ పిల్లో ఉత్సాహంగా చెప్పబోతే, ఆ మాట పట్టుకుని పాఠంలోకి వెళ్లే వీలు టీచరుకు లేదు. చిన్న తరగతుల్లో చదవడం నేర్పడానికి 'రీడింగ్ ఫస్ట్' పేరుతో ఏటా దాదాపు వంద కోట్ల డాలర్లు పోశారు. చదివింది అర్థం చేసుకోవడంలో ఈ బడుల పిల్లలకూ ఇతర పిల్లలకూ చెప్పుకోదగ్గ తేడా లేదని ప్రభుత్వమే చేయించిన అధ్యయనం 2008లో తేల్చింది.

ఆ తర్వాత ఒబామా ప్రభుత్వం 2009లో 435 కోట్ల డాలర్ల 'రేస్ టు ద టాప్' పోటీ పెట్టింది. డబ్బు కావాలనుకున్న రాష్ట్రాలు టీచరు పనితీరును పిల్లల పరీక్ష మార్కులతో ముడిపెట్టే దిశగా కదిలాయి. 2010లో లాస్ ఏంజెలెస్ టైమ్స్ పత్రిక దాదాపు ఆరు వేలమంది టీచర్లకు మార్కుల లెక్కతో రేటింగులు కట్టి పేర్లతో సహా ప్రచురించింది. హ్యూస్టన్‌లో ఒక ప్రైవేటు సంస్థ తయారుచేసిన లెక్క ప్రకారం టీచర్లకు స్కోరు వచ్చేది. ఆ లెక్క ఎలా కట్టారో టీచరుకు చెప్పరు, అది వ్యాపార రహస్యం. ఉద్యోగం పోగొట్టగల అంకెను సరిచూసుకునే దారే లేకపోవడం న్యాయ ప్రక్రియ హక్కుకు భంగం కావచ్చని 2017లో ఫెడరల్ కోర్టు అభిప్రాయపడింది. అదే ఏడాది కేసు రాజీ అయింది.

ఇక్కడ ఒక్క పాఠం దగ్గర ఆగి చూద్దాం. ఐదో తరగతి, భిన్నాలు. మూడో వంతు పెద్దదా, నాలుగో వంతు పెద్దదా అని అడిగితే చాలామంది పిల్లలు నాలుగో వంతే పెద్దదంటారు. నాలుగు మూడు కంటే పెద్దది కదా అన్నది వాళ్ల తర్కం. అది తప్పే, కానీ తెలివిగల తప్పు. ఆ తప్పు ఎక్కడి నుంచి వచ్చిందో టీచరుకు తెలియాలంటే పిల్లాడిని మాట్లాడనివ్వాలి. ఒక కాగితాన్ని మూడు మడతలు, అదే కొలత కాగితాన్ని నాలుగు మడతలు పెట్టించి, ఒక్కో ముక్కనూ పక్కపక్కన పెట్టమనాలి. పిల్లాడు వాటిని అటూ ఇటూ తిప్పి చూసి, తన మాటను తానే సరిదిద్దుకునే దాకా ఓపిక పట్టాలి. ఇంతలో వెనక బెంచీ అమ్మాయి పదో వంతు ఇంకా చిన్నదవుతుందా అని అడుగుతుంది. అదీ అసలు పాఠం. దానికి రెండు రోజులు పడుతుంది. వచ్చే పరీక్ష సిలబస్‌లో దశాంశాలు కూడా ఉన్నాయి, టీచరుకు ఆ రెండు రోజులు లేవు. పెద్ద హారం ఉంటే చిన్న భిన్నమని బోర్డు మీద రాసి, పెట్టె గీసి, నోటుబుక్కుల్లో దింపించి ముందుకు వెళ్తుంది. ఓఎంఆర్ పత్రం దిద్దే యంత్రానికి ఆ పిల్లాడు 'బీ' దిద్దాల్సిన చోట 'సీ' దిద్దాడని తెలుస్తుంది. నాలుగు మూడు కంటే పెద్దదని అనుకున్నాడని తెలియదు. ఆ సంగతి తెలిసిన మనిషి టీచరు ఒక్కతే. ఆమెకే తీరిక లేకుండా చేశాం.

అట్లాంటా

2009లో అట్లాంటా విద్యాశాఖ అధిపతి బెవర్లీ హాల్‌కు అమెరికా మొత్తంలో ఆ ఏటి మేటి సూపరింటెండెంట్ అన్న పురస్కారం వచ్చింది. పేద, నల్లజాతి పిల్లలు చదివే బడుల్లో మార్కులు ఏటికేడు ఎగబాకుతున్నాయి. ఏటా జరిగే పెద్ద సభలో లక్ష్యం అందుకున్న బడుల సిబ్బంది మైదానం మధ్యలో కూర్చునేవారు, అందుకోనివాళ్లు పక్కన గ్యాలరీల్లో. మూడేళ్లలో లక్ష్యం చేరని ప్రిన్సిపాల్ ఉద్యోగానికి భరోసా లేదు.

అట్లాంటా జర్నల్ కాన్‌స్టిట్యూషన్ పత్రికకు ఆ అంకెల మీద అనుమానం వచ్చింది. రాష్ట్రం జవాబు పత్రాలను యంత్రాల మీద పరీక్షించింది. తప్పు జవాబును చెరిపి ఒప్పు దిద్దిన గుర్తులు కొన్ని తరగతుల్లో నమ్మశక్యం కానన్ని దొరికాయి. 2011లో వచ్చిన దర్యాప్తు నివేదిక ప్రకారం పరిశీలించిన 56 బడుల్లో 44 చోట్ల మోసం జరిగింది. 178 మంది టీచర్లు, ప్రిన్సిపాళ్లకు అందులో చెయ్యి ఉంది. 82 మంది ఒప్పుకున్నారు. ఒక బడి టీచర్లు వారాంతంలో ఒకరి ఇంట్లో చేరి పత్రాలు దిద్దారు. ఇంకో బడిలో ప్రశ్నపత్రం ప్లాస్టిక్ కవరును బ్లేడుతో కోసి, చూసుకుని, లైటర్ మంటతో మళ్లీ అతికించారు.

ఆ నివేదికలో నన్ను వెంటాడేది ఇవేవీ కావు. పిల్లలకు మార్కులు తక్కువ వచ్చాయని ఒక టీచరు చేత, సిబ్బంది సమావేశంలో అందరి ముందూ, బల్ల కింద పాకించాడు ఒక ప్రిన్సిపాల్. వయసొచ్చిన మనిషి, పిల్లలకు గురువు, బల్ల కింద పాకింది. ఆ మర్నాడు ఆమె తరగతిలోకి ఏ మొహంతో వెళ్లి ఉంటుంది? అక్కడి నుంచి రబ్బరు పట్టుకుని జవాబులు చెరపడం దాకా దూరం ఎంతో లేదు.

35 మందిపై అభియోగాలు నమోదయ్యాయి. 2015 ఏప్రిల్‌లో, ముఠా నేరాల కోసం పెట్టిన చట్టం కింద 11 మందిని దోషులుగా తేల్చారు. బెవర్లీ హాల్ విచారణకు రాకుండానే క్యాన్సర్‌తో చనిపోయారు. దిద్దుబాటు మార్కులు చూసి ఈ పిల్లలు బాగానే చదువుతున్నారని అనుకున్న ఫలితంగా, అదనపు బోధన అందాల్సిన ఎంతోమందికి అది అందలేదు. వాళ్లకు పరిహారం ఇచ్చిన కోర్టు ఏదీ లేదు.

మోసం చేసినవాళ్లను నేను వెనకేసుకు రావడం లేదు. అయితే 44 బడుల్లో ఒకే తప్పు జరిగితే దాన్ని మనుషుల చెడ్డతనంగా మాత్రమే చూడటం కళ్లు మూసుకోవడమే. మన దగ్గరా 2022లో ఆంధ్రప్రదేశ్ పదో తరగతి పరీక్షల్లో ప్రశ్నపత్రాలు బయటికి వచ్చిన కేసుల్లో పలువురు ఉపాధ్యాయులు అరెస్టయ్యారు. అప్పుడూ చర్చంతా కొందరు టీచర్ల బుద్ధి మీదే నడిచింది, వంద శాతం ఉత్తీర్ణత కోసం వాళ్ల మీద ఉన్న ఒత్తిడి మీద కాదు.

మార్కు పెరిగితే చదువు పెరిగినట్టేనా?

మోసం లేకుండా నిజాయతీగా చదివించినా చిక్కు ఉంది. తర్వాత హార్వర్డ్ ఆచార్యుడైన డేనియల్ కొరెట్జ్ బృందం 1991లో ఒక జిల్లా కథ చెప్పింది. ఆ జిల్లా ఏళ్ల తరబడి వాడిన పరీక్షను మార్చి కొత్తది తెచ్చింది. మూడో తరగతి గణితంలో మార్కులు ఒక్కసారిగా పడిపోయాయి. నాలుగేళ్లలో మెల్లగా పాత ఎత్తుకు చేరాయి. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. అప్పుడు పరిశోధకులు పాత పరీక్షనే మళ్లీ ఈ పిల్లలకు పెట్టారు. ఈసారి దాంట్లో మార్కులు పడిపోయాయి. పిల్లలు నేర్చుకున్నది గణితం కంటే ఎక్కువగా ఆ పరీక్షను.

ఒక అంకెను పట్టుకుని మనుషుల తలరాతలు నిర్ణయించే కొద్దీ ఆ అంకె చెడిపోతుంది, అది కొలవాల్సిన పనినీ చెడగొడుతుందని డొనాల్డ్ క్యాంప్‌బెల్ అనే సామాజిక శాస్త్రవేత్త 1970లలోనే హెచ్చరించాడు. 1969 నుంచి అమెరికాలో 'నేప్' అనే జాతీయ సర్వే జరుగుతోంది. కొద్దిమంది పిల్లలనే ఎంచుకుని, ఒక్కొక్కరికీ ప్రశ్నల్లో కొంత భాగమే ఇస్తారు. పిల్లాడికి మార్కు ఉండదు, టీచరుకు రేటింగు ఉండదు. దానికోసం గైడ్లు కొనేవాళ్లు లేరు. అందుకే దాని అంకెలను అన్ని పక్షాలవాళ్లూ నమ్ముతారు. పరీక్ష పెట్టడమే పాపమని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. దేశంలోని పల్లెల్లో ఐదో తరగతి పిల్లల్లో దాదాపు సగం మంది రెండో తరగతి పాఠం చదవలేకపోతున్నారని మనకు తెలిసింది 'అసర్' సర్వే వల్లనే. అది గ్రామాల్లో ఇంటి గడప దగ్గర పిల్లల పక్కన కూర్చుని చదివిస్తుంది, ఏ టీచరుకూ మెమో ఇవ్వదు.

వీధి బడి పంతులు అప్పుడే చూశాడు

ఇదంతా అమెరికా కనిపెట్టిన కొత్త జబ్బు అనుకోవద్దు. 1862లో ఇంగ్లండ్‌లో రాబర్ట్ లో అనే విద్యామంత్రి ఫలితాన్ని బట్టే గ్రాంటు అన్న నియమం తెచ్చాడు. ఇన్‌స్పెక్టర్ వచ్చి చదవడం, రాయడం, లెక్కల్లో పరీక్షిస్తాడు. తప్పినకొద్దీ పిల్లాడి లెక్కన బడికి వచ్చే డబ్బు తగ్గుతుంది. కవి మాథ్యూ ఆర్నాల్డ్ అప్పట్లో బడుల ఇన్‌స్పెక్టరే. నిజంగా చదవడం రాకుండానే పిల్లలు ఈ పరీక్ష నెగ్గవచ్చని, బడి ప్రాణం పోతోందని తన నివేదికల్లో రాశాడు.

అదే పద్ధతి మద్రాసు రాజధానికీ దిగుమతి అయింది. కోస్తా, రాయలసీమ జిల్లాలు అందులోవే. వీధి అరుగు మీద బడి నడుపుకునే పంతులుకు ఇన్‌స్పెక్టర్ పరీక్షలో నెగ్గిన పిల్లల లెక్కన గ్రాంటు ముట్టేది. అరుగు మీద పద్యాలు, ఊరి లెక్కలు, కరణం రాతలు, చిట్టా, ఆవర్జా నేర్పే పంతులు ఇన్‌స్పెక్టర్ అడిగేవాటికి మళ్లక ఏం చేస్తాడు? 1882 నాటి హంటర్ కమిషన్ ఈ పద్ధతి మీద చర్చించింది. 1904లో కర్జన్ ప్రభుత్వ తీర్మానం దాన్ని వదిలించుకున్న సంగతి నమోదు చేసింది. దొరల ప్రభుత్వమే పనికిరాదని పక్కనపెట్టిన పద్ధతికి మనం నూరేళ్ల తర్వాత కొత్త పేర్లు పెడుతున్నాం.

మన బడి

2009 విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్ చదివితే కడుపు నిండుతుంది. పిల్లలకు భయం, ఆందోళన లేకుండా చేయాలని, నిరంతర సమగ్ర మూల్యాంకనం జరగాలని అందులో ఉంది. దాన్ని బట్టే మన రెండు రాష్ట్రాల్లోనూ ఎఫ్‌ఏలు, ఎస్‌ఏలు (సంగ్రహణాత్మక మూల్యాంకనాలు) వచ్చాయి. నిర్మాణాత్మక మూల్యాంకనంలో, అంటే ఎఫ్‌ఏలో, 50 మార్కులు ఉండేవి. పిల్లల స్పందనలకు 10, రాత పనులకు 10, ప్రాజెక్టుకు 10, లఘు పరీక్షకు 20. లఘు పరీక్ష ప్రశ్నలు టీచరే తన తరగతిని చూసుకుని రాసుకోవాలి. అంత మంచి ఆలోచన మన బడుల చరిత్రలో అరుదుగా వచ్చింది.

దాన్ని ఎలా చంపామో చూడండి. నమ్మకం లేక ప్రశ్నపత్రం పైనుంచి పంపడం మొదలుపెట్టాం. టీచరు తన తరగతి కోసం వేసుకోవాల్సిన చిన్న పరీక్ష అందరికీ ఒకే రోజు, ఒకే గంట జరిగే పెద్ద పరీక్ష అయింది. ఆంధ్రప్రదేశ్‌లో 2022లో తరగతి గది మూల్యాంకనం పేరుతో ప్రాథమిక తరగతులకు కూడా ఓఎంఆర్ పత్రాలు వచ్చాయి. 2024 డిసెంబరులో అర్ధ సంవత్సర గణితం ప్రశ్నపత్రం యూట్యూబ్‌లో ముందే కనబడటంతో పరీక్ష వాయిదా వేయాల్సి వచ్చింది. ఆరో తరగతి పిల్లాడి అర్ధ సంవత్సర పరీక్ష పేపరు లీకవడమేమిటి? పై నుంచి వచ్చే పేపరు కాకుండా, టీచరు సొంతంగా బోర్డు మీద రాసే ఐదు ప్రశ్నలైతే లీకు చేయడానికి ఏముంది?

పరీక్ష అయ్యాక అసలు పని మొదలవుతుంది. దిద్దాలి, రిజిస్టరు ఎక్కించాలి, ఆపైన ఒక్కో పిల్లాడికీ, ఒక్కో సబ్జెక్టుకూ మార్కులు యాప్‌లో నింపాలి. సర్వర్ పని చేయదు. గడువు ముగుస్తోందని వాట్సాప్ గ్రూపులో ఎంఈవో కార్యాలయం నుంచి సందేశం, కింద ఇంకా పూర్తి చేయని బడుల జాబితా. ఆ మధ్యాహ్నం ఏకోపాధ్యాయ పాఠశాలలో ఐదు తరగతులకు పాఠం చెప్పేది ఎవరు? నింపిన ఆ అంకెలు చూసి ఫలానా ఊరి పిల్లలకు భిన్నాలు రావడం లేదని, ఇదిగో సాయమని ఏ అధికారైనా తిరిగి వచ్చిన సందర్భాలు అరుదు. అంకెలు పైకి ఎక్కుతాయి తప్ప కిందికి ఏమీ దిగదు.

2020 జాతీయ విద్యావిధానం 3, 5, 8 తరగతులకు పరీక్షలు పెట్టమంది. 2019లో సవరించిన విద్యాహక్కు చట్టం 5, 8 తరగతుల్లో పిల్లలను ఆపే వీలు కల్పించింది. ఎన్‌సీఈఆర్‌టీలో 'పరఖ్' అనే మూల్యాంకన సంస్థ ఏర్పడింది. 2024 డిసెంబరు 4న అది 3, 6, 9 తరగతుల పిల్లలకు దేశవ్యాప్త సర్వే జరిపింది. సర్వే అంటే ఉన్నదున్నట్టు చూడటం. కానీ చాలా రాష్ట్రాలు ముందుగానే నమూనా పరీక్షలు పెట్టి, ఓఎంఆర్ దిద్దడం సాధన చేయించాయి. జిల్లా ర్యాంకులు వస్తాయి కాబట్టి కలెక్టర్లకు పట్టింపు, కాబట్టి డీఈవోలకు పట్టింపు, కాబట్టి ఏజెన్సీలోని చిన్న బడిలో రోజూ ఒక పీరియడ్ సర్వే ప్రశ్నలకే.

మనకు ఇంకో దారి తెలియకపోతే సరేననుకోవచ్చు. మదనపల్లె దగ్గర రిషీ వ్యాలీలో, చుట్టుపక్కల పల్లె పిల్లల కోసం నడిపే చిన్న బడుల్లో దశాబ్దాల కిందటే తయారైన పద్ధతి ఉంది. పాఠాలను చిన్న చిన్న కార్డులుగా విడగొట్టి, నిచ్చెన మెట్ల వరుసలో పేర్చారు. పిల్లాడు తన మెట్టు మీద తన వేగంతో నడుస్తాడు. మూల్యాంకనం ఆ మెట్లలోనే ఒక కార్డు. అది దాటితే ముందుకు, లేకపోతే ఇంకో కార్డుతో మళ్లీ సాధన. వేరే పరీక్షల గంట, హాల్లో నిశ్శబ్దం, ఫలితాల భయం ఏవీ లేవు. తమిళనాడు సర్కారు బడుల్లోని కార్యకలాపాల బోధనకు, ఇంకా ఎన్నో రాష్ట్రాలకు ఈ మదనపల్లె ఆలోచన స్ఫూర్తినిచ్చింది.

వద్దన్నవాళ్లు

2013 జనవరిలో సియాటిల్ నగరంలోని గార్ఫీల్డ్ హైస్కూల్ టీచర్లు, జిల్లా పెట్టమన్న 'మ్యాప్' పరీక్షను పెట్టబోమని ప్రకటించారు. అందులో అడిగేది తాము చెప్పే పాఠంలో లేదు, కంప్యూటర్ గదులు వారాల తరబడి పరీక్షకే సరిపోతున్నాయి, దాని ఫలితంతో పిల్లలకు ఒరిగేదేమీ లేదన్నారు. జీతం లేని సస్పెన్షన్ తప్పదని హెచ్చరించినా కదల్లేదు. విద్యార్థులు, తల్లిదండ్రులు వాళ్ల పక్కన నిలబడ్డారు. మే నెలకల్లా హైస్కూళ్లకు ఆ పరీక్ష తప్పనిసరి కాదని జిల్లా ఒప్పుకుంది. 2015లో న్యూయార్క్ రాష్ట్రంలో రెండు లక్షలమందికి పైగా పిల్లల చేత తల్లిదండ్రులే రాష్ట్ర పరీక్ష రాయించలేదు. ఆ ఏడాది డిసెంబరులో 'నో చైల్డ్ లెఫ్ట్ బిహైండ్' స్థానంలో కొత్త చట్టం వచ్చింది. ఏటా పరీక్ష ఉంచింది గానీ టీచరు మదింపును దానికి కట్టెయ్యాలన్న కేంద్రం ఒత్తిడిని తీసేసింది. 2024 నవంబరులో మసాచుసెట్స్ ఓటర్లు హైస్కూల్ పట్టాకు రాష్ట్ర పరీక్ష నెగ్గి తీరాలన్న నిబంధనను ఓటేసి రద్దు చేశారు. మొదట్లో ఈ విధానాలను గట్టిగా సమర్థించిన డయాన్ రావిచ్, పెద్ద బుష్ హయాంలో విద్యాశాఖ సహాయ కార్యదర్శి, 2010లో తన పాత వాదన తప్పని ఒక పుస్తకమే రాసింది.

అన్ని చోట్లా పరీక్ష పోలేదు, పోవాల్సిన అవసరమూ లేదు. పోవాల్సింది పరీక్ష చుట్టూ పేర్చిన భయం. ప్రభుత్వాలు అడగాల్సిన ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. జిల్లాల స్థితి తెలుసుకోవడానికి కొన్ని బడులు చూస్తే సరిపోదా? ఒకటి నుంచి ఐదు తరగతుల పరీక్షను టీచరు చేతికే వదిలి, ఆ కాగితం పైకి పంపే పని తీసేస్తే ఏం మునుగుతుంది? పదో తరగతి శాతం తగ్గిన బడికి ఇచ్చే మెమో బదులు, ఖాళీగా ఉన్న గణితం పోస్టు నింపితే ఎలా ఉంటుంది?

అధికారులకు ఒక విన్నపం. ఏప్రిల్‌లో ఫలితాలు వచ్చినప్పుడు 'వంద శాతం' బడులకు దండలు వేయడంతో ఆగకండి. ఆ బడిలో తొమ్మిదో తరగతిలో ఎంతమంది ఉండి పదికి ఎంతమంది మిగిలారో కూడా అడగండి. హ్యూస్టన్‌లో ఒకప్పుడు గొప్పగా చెప్పుకున్న ఫలితాల వెనక బడి మానేసిన పిల్లల లెక్కలు దాచిన సంగతి 2003లో బయటపడింది.

తల్లిదండ్రులారా, ఈసారి పేరెంట్స్ మీటింగుకు వెళ్లినప్పుడు మా వాడికి ఎన్ని మార్కులని మొదట అడగకండి. వాడికి ఏం అర్థం కావడం లేదో, దాని కోసం మీకు ఎన్ని రోజులు కావాలో టీచరును అడగండి. ఆమె చెప్పిన రోజులు ఆమెకు దక్కేలా విద్యా కమిటీ సమావేశంలో పట్టుబట్టండి, తీర్మానం రాయించండి, ఎంఈవోకు పంపండి. విద్యాహక్కు చట్టం మీకు బడి యాజమాన్య కమిటీలో చోటు ఇచ్చింది ఇందుకే.